కాపలా వంతు

నల్లకొండ కింద ఎండాకాలం నీళ్ళుండేది ఒక్క మడుగులోనే. దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు అందరూ అక్కడికే రావాలి. అంతా తలలు వంచి తాగుతుంటే, వంతులవారీగా రోజుకో ఇంటి పిల్ల గట్టు మీద కాపలా ఉండాలి. ఆ కాపలా విద్య నేర్పేది మూడుకాళ్ళ లేడి అవ్వ. నాలుగోది చిరుత నోట్లో పోయింది. పాపం, మేతకి తిరగలేదు గనక ఇంటికో నోటెడు పచ్చిక తెచ్చి ఆవిడ ముందు పెట్టేవాళ్ళు.

ఒకరోజు నక్క పెద్దదుప్పి పక్కన చేరింది. ఎందుకో వేరే చెప్పాలా? చిరుత తిని వదిలిందే దాని కూడు.

"పెద్దయ్యా, మీ పచ్చికతో కుందేలు పిల్లలకి చదువా? మీ అమ్మాయికి నేను విడిగా చెప్తాగా!"

పెద్దదుప్పికి ఆ మాట భలే నచ్చింది. మర్నాడే పచ్చిక బంద్ అన్నాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ మానేశారు.

కుందేలమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యా, నా పిల్లకి ఎవరు చెప్తారు? నాకే రాదాయె!"

"నీ పిల్ల గొడవ నాకెందుకమ్మా? నా కూతురు నేర్చుకుంటోంది, చాలు."

అవ్వ ఒక్క మాటే అడిగింది. "నీ కూతురు నీళ్ళు తాగేటప్పుడు గట్టు మీద నిలబడేది ఎవరురా?"

"ముసలిదానికి పచ్చిక పోతోందని ఏడుపు!" అని నవ్వేశాడు. నెల తిరక్కుండానే అవ్వ ఆకలితో చచ్చిపోయింది.

నక్క పాఠాల్లో మోసం చెయ్యలేదు సుమా! పెద్దదుప్పి కూతురు అన్నీ గడగడా ఒప్పజెప్పేది. "గాలి లేకుండా గడ్డి కదిలితే కేకెయ్యాలి నాన్నా!" తండ్రి మురిసిపోయేవాడు.

కుందేలు పిల్ల వంతు వచ్చింది. ఆకు కదలని ఎండ. అందరూ నీళ్ళకి తలలు వంచారు. అవతలి గట్టున గడ్డి ఊగింది. పిల్ల చూసింది, చూసి ఊరుకుంది.

చిరుత దూకింది. దానికి దొరికింది పెద్దదుప్పి కూతురే.

"ఎందుకు అరవలేదే పాపిష్టిదానా?" పెద్దదుప్పి ఏడుస్తూ కొమ్ములు దించి కుందేలు పిల్ల మీదకి వచ్చాడు.

అది వెనక్కి జరిగింది. "గడ్డి ఊగింది పెద్దయ్యా... గాలేమో అనుకున్నా. అరవాలని నాకెవరూ చెప్పలేదు."

ఆయన కొమ్ములు ఎత్తలేదు, పొడవనూ లేదు. అవతల పొదలో నక్క తన వాటా కోసం ఓపిగ్గా కూర్చుని ఉంది.

అందరి పిల్లల బడికి మనం పెట్టేది దానం కాదు, మన బిడ్డ ప్రాణానికి పెట్టుకునే కాపలా.