వినకుండానే విన్నానన్న ముంగిస

అనగనగా ఒక అడవిలో, ఫోన్లు లేకపోయినా కబుర్లకు మాత్రం ఏ లోటూ లేని ఒక అడవిలో, గరికయ్య అనే ముంగిస ఉండేవాడు. నవ్వకండి, వాళ్ళమ్మ ముద్దుగా పెట్టుకున్న పేరు అది. గరికయ్య భార్య పేరు తుంగమ్మ. వాళ్ళకు ఇంకా కళ్ళు తెరవని పసికూనలు ముగ్గురు. వాళ్ళ బొరియ వాగు ఒడ్డున, ఇసుక గట్టులో ఉంది. పక్క బొరియలో ఒక కుందేలు కుటుంబం ఉండేది.

గరికయ్యది వేళ్ళ వ్యాపారం. పాము విషానికి విరుగుడు వేరు ఎక్కడ దొరుకుతుందో అతనికి బాగా తెలుసు. తవ్వి తెచ్చేవాడు. ఎండబెట్టేవాడు. కావలసినవాళ్ళకు ఇచ్చి, బదులుగా గుడ్లో పళ్ళో తీసుకునేవాడు. ముందే ఒక మాట చెబుతాను, పిల్లలూ. ఆ వేరు మంచిదే. అందులో కల్తీ లేదు. ఈ కథలో చెడ్డ సరుకు అమ్మినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ అడవి మధ్యలో ఒక ఎత్తైన బండ ఉంది. దాన్ని మాటబండ అనేవారు. చెప్పుకోవలసింది ఏదైనా ఉంటే సాయంత్రం ఆ బండెక్కి చెప్పేవారు. అడవిలో అందరూ ఎక్కడివాళ్ళు అక్కడే ఉండి వినేవారు. విన్నవాళ్ళు "విన్నాం" అని గట్టిగా పలికేవారు. ఆ తర్వాత తమకు తోచింది ఒక ముక్క చెప్పేవారు. మంచి కబురైతే మెచ్చుకునేవారు. చెడ్డ కబురైతే ఓదార్చేవారు. అర్థం కాకపోతే అడిగేవారు.

గాలి ఎదురుగా వీచే రోజున బండ మీది మాట కొన్ని దిక్కులకు చేరేది కాదు. అందుకోసం తీతువు పెద్దమ్మ ఉండేది. ఆ ముసలి పిట్ట పని ఏమిటంటే, ఏ దిక్కు నుంచి "విన్నాం" రాలేదో ఆ దిక్కుకు ఎగిరి వెళ్ళి మాట చెప్పి రావడం. బదులు వచ్చిన దిక్కుకు వెళ్ళేది కాదు. ఆమెకు ఉన్నవి రెండు రెక్కలు, అడవేమో పెద్దది. కాబట్టి వినకుండా ఎవరూ "విన్నాం" అనేవారు కాదు. అలా అనకూడదని ఎవరూ శాసనం చెయ్యలేదు. అయినా అందరూ పాటించేవారు.

ఆ ఏడు వానాకాలం దగ్గరపడుతోంది. వానల్లో వేళ్ళు తవ్వడం కుదరదు. ముగ్గురు పిల్లల్ని ఎలా సాకాలి అని గరికయ్యకు దిగులు పట్టుకుంది. ఆ దిగులులో తప్పు లేదు. మీ నాన్నకూ ఉంటుంది, నాకూ ఉంటుంది. దానికి అతను ఎంచుకున్న దారే తప్పు.

ఒక సాయంత్రం గిజిగాడు బండెక్కాడు. కొత్త గూడు అల్లుకున్నానని, లోపల దీపంలా మిణుగురును పెట్టుకున్నానని మురిసిపోతూ చెబుతున్నాడు. గరికయ్య బండ కిందే కూర్చున్నాడు. ముందు బదులు పలికినవాడి మాటే అందరూ శ్రద్ధగా వింటారని అతను కనిపెట్టాడు. గిజిగాడు ఊపిరి తీసుకోవడానికి ఆగాడో లేదో, వెంటనే అందుకున్నాడు.

"విన్నాం, చాలా బాగుంది. గరికయ్య విరుగుడు వేరు ఇంట్లో ఉంటే ఏ భయమూ ఉండదు. వాగు ఒడ్డున దొరుకుతుంది."

గిజిగాడు చిన్నబోయాడు. గూడు గురించి ఇంకా చెప్పాలనుకున్నది మింగేసి దిగిపోయాడు. మర్నాడు గరికయ్య బొరియ దగ్గరికి వేరు కోసం ఇద్దరు వచ్చారు. దాంతో అతను రుచి మరిగాడు.

తీతువు పెద్దమ్మ అతన్ని పక్కకు పిలిచింది. నీ సరుకు గురించి చెప్పుకోవాలంటే నీ వంతు వచ్చినప్పుడు బండెక్కి నీ పేరుతో నువ్వే చెప్పుకో, ఎవరూ కాదనరు అంది. ఇంకొకరి మాట కింద దుకాణం పెట్టొద్దంది. గరికయ్య తల ఊపాడు. అతను తల ఊపితే విన్నట్టు కాదని పాపం పెద్దమ్మకు తెలియదు.

కొన్నాళ్ళకు కొండమ్మ అనే ఆడ దుప్పి బండెక్కింది. ఆమె ఒక్కగానొక్క కూన లోయలోకి జారిపడి చచ్చిపోయింది. కొండమ్మ ఏడవలేదు. కూన ఎలా గెంతేదో, ఏ చిగుళ్ళు ఇష్టంగా తినేదో మెల్లగా చెప్పుకుంటూ పోయింది. అడవి అంతా చెవి ఒగ్గి వింటోంది. గరికయ్య మాత్రం ఆకుల్లో వేళ్ళు చుడుతూ, ఆమె ఎప్పుడు ఆపుతుందా అని చూస్తున్నాడు. ఆపగానే పలికాడు.

"విన్నాం, చాలా బాగుంది. గరికయ్య విరుగుడు వేరు ఇంట్లో ఉంటే ఏ భయమూ ఉండదు."

మీరూ చూసే ఉంటారు. ఎవరో తాతయ్య పోయాడని ఫోన్‌లో ఫోటో పెట్టి బాధపడితే, దాని కింద ఎవడో వచ్చి సూపర్, మా పేజీ కూడా చూడండి అని రాస్తాడు. నాకు ఒళ్ళు మండుతుంది. గరికయ్య చేసింది సరిగ్గా అదే. కొండమ్మ అతని వంక చూసింది. బండ దిగి, పై కొండల్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి గరికయ్య గొంతు వినిపిస్తే చాలు, అడవిలో అందరూ ముఖం తిప్పుకునేవారు. వేరు కోసం వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. తను చేసింది తప్పేమో అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే కథ ఇక్కడితో ముగిసేది, మీరు హాయిగా పడుకునేవారు. గరికయ్య అలా ఆలోచించలేదు. నా ఒక్కడి గొంతు అయితే నమ్మరు, పది గొంతులు చెబితే నమ్ముతారు అనుకున్నాడు.

గోరువంకలు ఎవరి గొంతునైనా అనుకరిస్తాయి. గరికయ్య మూడు గోరువంకల్ని కుదుర్చుకున్నాడు. రోజూ గుప్పెడు మిడతలు ఇచ్చే ఒప్పందం. ఒక్కో దాన్ని ఒక్కో దిక్కున చెట్టు మీద కూర్చోబెట్టాడు. ఒకటి ఏదుపంది గొంతుతో పలకాలి. ఇంకొకటి కోతి గొంతుతో పలకాలి. మూడోది వాగు పక్కన, బండ కనిపించే మద్దిచెట్టు చిటారుకొమ్మన కూర్చుని కుందేలు గొంతుతో పలకాలి. బండ మీద ఎవరు ఏం చెప్పినా సరే, ముగియగానే నేర్పిన మాట అప్పజెప్పాలి.

"విన్నాం, చాలా బాగుంది. మా ఇంటిల్లిపాదీ గరికయ్య వేరునే వాడతాం."

ముందు ఆ "విన్నాం" ఎందుకని ఒక గోరువంక అడిగింది. అది లేకపోతే బదులు కింద లెక్కలోకి రాదు, ఎవరూ పట్టించుకోరు అని గరికయ్య చెప్పాడు. పాచిక పారింది. కుందేలు వాడుతోందట, ఏదుపంది వాడుతోందట అని మళ్ళీ జనం రాసాగారు. పల్లంలో కాపురముండే కుందేళ్ళకు మాత్రం తమ గొంతుతో ఎవరో మాట్లాడుతున్నారన్న సంగతే తెలియదు.

వాన మబ్బులు పట్టిన ఒక సాయంత్రం కొండమ్మ మళ్ళీ వచ్చింది. పై కొండల నుంచి పరుగెత్తుకొచ్చి రొప్పుతూ బండెక్కింది. తన దుఃఖాన్ని వెక్కిరించినవాడి ఇల్లు కూడా వాగు ఒడ్డునే ఉందని ఆమెకు తెలుసు. అయినా వచ్చింది.

"పైన కొండచరియ విరిగి వాగుకు అడ్డం పడింది. దాని వెనక నీళ్ళు నిండిపోతున్నాయి. ఆ మట్టి ఎక్కువసేపు నిలవదు. వాగు ఒడ్డున ఉన్నవాళ్ళంతా ఈ పూటే పిల్లల్ని తీసుకుని మిట్ట మీదికి వెళ్ళిపోండి."

గాలి ఎదురుగా వీస్తోంది. పల్లానికి ఒక్క మాట కూడా చేరలేదు. గరికయ్య బండ కిందే ఉన్నాడు, కానీ ఎలుగుబంటితో బేరంలో ఉన్నాడు. ఎన్ని వేళ్ళకు ఎంత తేనె అని గీచి గీచి అడుగుతున్నాడు. పైన మాట ఆగినట్టు తోచగానే తల కూడా ఎత్తకుండా విన్నాం, చాలా బాగుంది అన్నాడు. కొండమ్మ ఆగడం చూసి, వెంటనే మద్దిచెట్టు మీది నుంచి కుందేలు గొంతు విన్నాం, చాలా బాగుంది అంది.

తీతువు పెద్దమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. వరద వస్తోందంటే చాలా బాగుంది అంటారేమిటి అనుకుంది. మళ్ళీ, ఈ మధ్య అందరూ దేనికైనా అదే అంటున్నారులే అని సర్దిచెప్పుకుంది. వాగు ఒడ్డున ఉండే రెండు ఇళ్ళవాళ్ళు పలికారు. విన్నవాళ్ళు ఇరుగుపొరుగుకు చెప్పుకోకపోరు. ఉత్తర దిక్కు నుంచి మాత్రం ఉలుకూ పలుకూ లేదు. పెద్దమ్మ అటు ఎగిరిపోయింది.

గరికయ్య ఇంటికి వచ్చేసరికి తుంగమ్మ పిల్లలకు పాలిస్తోంది. గాలి ఎదురు కాబట్టి ఇంటికి మాట వినపడలేదు, పసివాళ్ళను వదిలి ఆమె బండ దగ్గరికి వెళ్ళలేదు.

"ఏమయ్యా, ఇవాళ బండ మీద ఎవరు మాట్లాడారు?" అని అడిగింది.

"ఆ దుప్పి, కొండమ్మ."

"పాపం, ఏం చెప్పింది?"

"ఏదో చెప్పింది. అందరి సోదీ వింటూ కూర్చుంటే వ్యాపారం ఎవరు చేస్తారే? ఎలుగుబంటి తేనె ఇస్తానన్నాడు, అది చూడు ముందు."

తుంగమ్మ ఇంకేమీ అడగలేదు. మాట ముఖ్యమైనదైతే ఈయన చెప్పకుండా ఉంటాడా అనుకుంది. తెల్లవారుతుండగా గరికయ్య ఎలుగుబంటికి ఇవ్వాల్సిన వేళ్ళు తవ్వడానికి మిట్ట మీదికి వెళ్ళాడు.

నీళ్ళు అప్పుడే వచ్చాయి. ముందు చప్పుడు వినిపించింది, ఆ వెంటనే ఎర్రటి మట్టినీళ్ళు. తుంగమ్మ ఒక కూనను నోట కరుచుకుని గట్టు ఎక్కింది. దాన్ని రాయి మీద దింపి, మిగతా ఇద్దరి కోసం వెనక్కి తిరిగింది. అప్పటికే ఇసుక గట్టు విరిగి వాగులో కలిసిపోయింది. అక్కడ బొరియ లేదు. కుందేళ్ళ బొరియ కూడా లేదు. ఆ ఇంట్లో ఒక్కరూ మిగల్లేదు.

గరికయ్య పరుగున వచ్చేసరికి ఒడ్డున తుంగమ్మ ఒక్క కూనను పొట్ట కింద దాచుకుని వణుకుతోంది. తీతువు పెద్దమ్మ వచ్చి నీళ్ళ మీద తిరుగుతూ అరుస్తోంది. కొండమ్మ చెప్పినా మీరెందుకు కదల్లేదని తుంగమ్మను అడిగింది. కొండమ్మ ఏం చెప్పిందో తనకు తెలియదంది తుంగమ్మ.

"అదేమిటమ్మా? మీ ఇంటి తరఫున విన్నామన్నారు. కుందేళ్ళూ అన్నారు. అందుకే కదా నేను ఇటు రాలేదు."

అప్పుడు మద్దిచెట్టు మీది గోరువంక గరికయ్యను చూసింది. మిడతలు తెచ్చాడనుకుంది. చచ్చిపోయిన కుందేలు గొంతుతో, మా ఇంటిల్లిపాదీ గరికయ్య వేరునే వాడతాం అంది. తీతువు పెద్దమ్మకు అంతా అర్థమైంది. తుంగమ్మకూ అర్థమైంది.  గరికయ్య ఒడ్డున కూలబడి, వేళ్ళ మట్టి అంటిన ముందుకాళ్ళతో తల బాదుకున్నాడు.

ఆ సాయంత్రం తుంగమ్మ మాటబండ ఎక్కింది. అడవిలో అందరూ అక్కడికే వచ్చారు. పోయిన ఇద్దరు కూనల గురించి ఆమె చెప్పింది. పెద్దదానికి ఆకలెక్కువ అంది. చిన్నవాడు నిద్రలో కూడా తన తోక వదిలేవాడు కాదంది. ఇంకా కళ్ళు తెరవలేదు, నా ముఖం కూడా చూడలేదు అంది. కుందేలు పిల్లలు తన బొరియలో ఎలా ఆడుకునేవాళ్ళో కూడా చెప్పింది, వాళ్ళ కోసం చెప్పడానికి వాళ్ళింట్లో ఎవరూ మిగల్లేదు కాబట్టి.

గరికయ్య అందరి వెనకా నిలబడి విన్నాడు. ఆ బండ మీది మాటను చివరిదాకా వినడం అతనికి చాలా కాలం తర్వాత అదే మొదటిసారి. ఒక్కొక్కరే విన్నామమ్మా అన్నారు. కొండమ్మ కూడా అంది. చివరికి గరికయ్య వంతు వచ్చింది. అందరూ అతని వైపు తిరిగారు. అతను నోరు తెరిచాడు.

"నువ్వు అనకు," అంది తుంగమ్మ. "నిన్న నువ్వు ఆ మాట అనకుండా ఉంటే పెద్దమ్మ నా దగ్గరికి వచ్చేది."

ఆమె బండ దిగి, మిగిలిన కూనను నోట కరుచుకుని, మిట్ట దాటి వెళ్ళిపోయింది. గరికయ్య వెంట వెళ్ళలేదు. వెళ్ళే ముఖం లేదు.

ఆ తర్వాత ఆ అడవిలో "విన్నాం" అంటే నమ్మినవాళ్ళు లేరు. అన్నది కుందేలో గోరువంకో ఎవరికి తెలుసు? తీతువు పెద్దమ్మ ప్రతి ఇంటికీ తనే ఎగిరి వెళ్ళేది. ముసలి ప్రాణం, చలికాలం దాటలేదు. ఆ పని తలకెత్తుకునే పిట్ట మళ్ళీ దొరకలేదు. గరికయ్య వేరునూ ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత వచ్చిన ఎండాకాలంలో గిజిగాడి పిల్లను పాము కరిచింది. మంచి వేరు గరికయ్య కొత్త బొరియ నిండా ఉండగానే ఆ పిల్ల చచ్చిపోయింది. గరికయ్య వేరు పట్టుకుని చెట్టు కింద నిలబడి బతిమాలాడు, గిజిగాడు తీసుకోలేదు.

నీతి: ఎదుటివారు చెప్పింది పూర్తిగా వినకుండా, చదవకుండా దాని కింద మన సరుకును పొగడకూడదు. అరువు గొంతులతో మెప్పు కొనుక్కునేవాడు అందరి నమ్మకాన్నీ చంపుతాడు. ఆ నమ్మకం చచ్చిన రోజున మంచి సరుకు కూడా ఎవరినీ బతికించదు.