ఓవో మీద పెట్టిన మాటలు

అబ్రామ్ పోరంతా తన సొంత భాషతోనే.

అతనిది దక్షిణాఫ్రికాలో కరూ అనే ఎండనేల. మన అనంతపురం వైపులాగే రాళ్ళూ ముళ్ళకంపా తప్ప కంటికి పచ్చగా ఏదీ ఆనదు. అక్కణ్ణుంచి మంగోలియా వచ్చి, తల గొరిగించుకుని, ఒక చిన్న బౌద్ధ మఠంలో చోయిదోగ్ లామాకి శిష్యుడయ్యాడు. పట్టుబట్టి మంగోలు భాష నేర్చుకున్నాడు. అయినా ధ్యానానికి కూర్చుంటే లోపలి గొణుగుడంతా పుట్టుభాష ఆఫ్రికాన్స్‌లోనే. గుమ్మం తగిలి కాలివేలు చితికితే నోట్లోంచి ఊడిపడే బూతు కూడా ఆఫ్రికాన్స్‌లోనే. తోటి సన్యాసులు అది విని కడుపు పట్టుకుని నవ్వేవారు. అర్థం తెలియకపోయినా బూతు బూతులాగే వినిపిస్తుంది మరి.

కాస్త తీరిక దొరికితే చాలు, రెండు భాషల్నీ తక్కెడలో వేసి తూచేవాడు. మంగోలులో గుర్రాల రంగులకే బోలెడన్ని మాటలు. దాని పాత లిపి పైనుంచి కిందికి వాన పడ్డట్టు దిగుతుంది. ఆఫ్రికాన్స్‌కి ఏముంది? ఓడల్లో వచ్చిన డచ్చివాళ్ళ మాట, బానిసల నోళ్ళలో, పనివాళ్ళ నోళ్ళలో నలిగి నలిగి ఆ రూపానికొచ్చింది. వంటింటి భాష అని ఒకప్పుడు వెక్కిరించారు. తర్వాత దొరలు అదే భాషలో అబ్రామ్ తాత లాంటి గొర్రెల కాపర్ల మీద అరిచారు. తూచిన ప్రతిసారీ తక్కెడ ఒకవైపే మొగ్గేది. తూచేవాడే చెయ్యి వేసి నొక్కుతుంటే మొగ్గక ఏం చేస్తుంది!

ఎండలు ముదిరేసరికి అతను సన్యాస దీక్ష తీసుకోవాలి. వసంతం మొదట్లో ఒక పొద్దున లామా గుడారంలోకి వెళ్ళాడు. మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. పొయ్యి పక్కన తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్ల ఒకటి ముడుచుకుని పడుకుంది. దానికి సీసాతో పాలు పట్టడం అబ్రామ్ పని. దానితో ఏనాడూ ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే ఏ భాష బయటపడుతుందోనని భయం.

“బగ్షా,” అన్నాడు. అక్కడ గురువుని అలాగే పిలుస్తారు. “దీక్షతో పాటు నాకు ఇంకో వ్రతం కూడా ఇప్పించండి. ఈ జన్మలో ఇక ఆఫ్రికాన్స్ మాట్లాడను.”

“మాట్లాడ్డానికి ఇక్కడెవరున్నారు?”

“ఇక్కడే కాదు, ఎక్కడా లేరు. నన్ను పెంచిన ఓమా కూడా పోయింది.” ఓమా అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ.

“మరింక వ్రతం ఎందుకు?”

“అది లోపల మాట్లాడుతూనే ఉంది, బగ్షా. పోవాలి.”

లామా పొయ్యిలో ఇంకో పిడక వేశాడు. ఆయన చిన్నతనంలో సర్కారు మఠాలని కూల్చేసింది. ఇంట్లో నాన్న రహస్యంగా మంత్రాలు గొణుక్కుంటుంటే, పొరుగువాళ్ళ చెవిన పడకుండా అమ్మ కావాలని గిన్నెలు మోగించేది. మరిచిపొమ్మని బెదిరించినవాళ్ళని ఆయన చూశాడు. మరిచిపోతానని తనంతట తానే వచ్చి నిలబడ్డవాణ్ణి చూడడం మాత్రం ఇదే మొదలు.

“ఏదీ, ఒక ముక్క మాట్లాడు. వదిలేసే ముందు నన్నూ విననీ.”

“ఖూయె మోరె,” అన్నాడు అబ్రామ్ అయిష్టంగా. పొద్దున్నే పలకరించే మాట.

లామా ముఖం వెలిగిపోయింది. “ఈ ‘ఖ’ అచ్చం మాదే! మాకైతే చలికి గొంతు గీరుకుంటుంది. ఎండదేశం వాళ్ళు, మీకేమొచ్చింది?”

“దుమ్ము, బగ్షా.”

లామా పడీపడీ నవ్వాడు. నవ్వకూడదనుకుంటూనే అబ్రామ్ కూడా నవ్వేశాడు. వెంటనే ముఖం ముడుచుకున్నాడు.

“సరే,” అన్నాడు లామా. “గుట్ట మీద ఓవో ఉందిగా. మాటకొక రాయి ఏరుకో. మాట పైకి చెప్పి, రాయి అక్కడ పెట్టు. మాటలన్నీ అయిపోయాక వ్రతం ఇస్తాను.”

ఓవో అంటే రాళ్ళ కుప్ప. ఆ దేశంలో గుట్టల మీదా కనుమల దగ్గరా ఉంటుంది, నీలం గుడ్డలు రెపరెపలాడుతూ. దారిన పోయేవాళ్ళు ఒక్కో రాయి వేసి పోతారు. వచ్చిన కొత్తలో నలుగురితో పాటు అబ్రామ్ కూడా వేశాడు. ఎందుకని ఎవర్నీ అడగలేదు.

అతను బస్తా నిండా రాళ్ళు ఏరుకుని గుట్టెక్కాడు. లామా ఉప్పు టీ ఫ్లాస్కు చంకన పెట్టుకుని, ఆయాసపడుతూ వెనకాలే వచ్చి, గాలి తగలని పక్కన చతికిలబడ్డాడు.

అబ్రామ్ మొదటి రాయి తీశాడు. “బాస్.”

“అంటే?”

“దొర.”

“ఎవరి నోట విన్నావు?”

“తాత నోట. టోపీ తీసి చేత్తో పట్టుకుని అనేవాడు.” రాయి ఠప్పున విసిరాడు.

“వఖ్. ఆగు అని అర్థం.”

“ఇది ఎవరి నోట?”

“తాత యజమాని నోట. తాతని గేటు బయట ఎండలో నిలబెట్టి, ఆ మాట అనేసి, లోపలికెళ్ళి భోంచేసేవాడు.” ఆ రాయి ఎంత కసిగా విసిరాడంటే, అది కుప్పకి తగిలి దొర్లి ఏ సందులోకో పోయింది.

ఇంకొన్ని అలాగే పోయాయి. తిట్లు, గద్దింపులు, పనిలోకి తరిమే కేకలు. ఒంట్లో బరువు దిగుతున్నట్టే ఉంది. కానీ అలాంటి మాటలు అతను అనుకున్నంత ఉండలేదు. బస్తాలో రాళ్ళు మాత్రం ఇంకా బోలెడున్నాయి.

“రీయెన్. వాన.”

“ఎవరి నోట?”

“ఓమా నోట. వాన రాకపోయినా రోజూ అనేది.”

“ఊ.”

“బ్రూట్. రొట్టె.”

“ఎవరి నోట?”

“ఓమా.”

“సోట్. ఉప్పు. ఇదీ ఓమాదే. మాంసం కోసి, ఉప్పూ ధనియాలూ పట్టించి, వరండాలో తీగకి ఆరేసేది. నేను కోసుకు తింటానని తెలిసీ నన్నే అక్కడ కాపలా పెట్టేది. మన వంట గుడారంలో ఎండుమాంసం వేలాడుతుంటే చూసినప్పుడల్లా...”

లామా టీ పోసి అందించాడు. అబ్రామ్ అందుకోలేదు. ఇప్పుడతను విసరడం లేదు. వంగి, పక్క రాయి కదలకుండా, మెల్లగా పెడుతున్నాడు. ఆ సంగతి అతనికే తెలియదు.

తర్వాత తీసింది గుప్పెట్లో ఇమిడేంత చిన్న రాయి. దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“అదేం మాట?”

“హాన్స్‌లామ్. తల్లి లేని గొర్రెపిల్ల. పొయ్యి పక్కన పెట్టుకుని, సీసాతో పాలు పట్టి పెంచుతారే, అది.”

“ఎవరి నోట?”

అబ్రామ్ ఆ రాయిని బొటనవేలితో రుద్దాడు.

“ఓమా నన్ను అలాగే పిలిచేది, బగ్షా. నేను పుట్టగానే అమ్మ పోయింది. ఓమా ఒక పక్కన గొర్రెపిల్లని, ఒక పక్కన నన్ను కూర్చోబెట్టుకునేది. పాలు పొగలు కక్కుతుండేవి. నేను ఆగేవాణ్ణి కాదు, ఏడ్చేవాణ్ణి. గిన్నె నాకు అందకుండా పైకెత్తి, ఊదుతూ, ఊదుతూ...”

“ఊదుతూ ఏమనేది?”

అబ్రామ్ చూపు రాళ్ళ కుప్ప మీదికి పోయింది.

“వఖ్,” అన్నాడు.

మరుక్షణం మోకాళ్ళ మీద పడి కుప్పలో వెతకడం మొదలుపెట్టాడు. ఈ రాయి తీసి చూశాడు, ఆ రాయి తీసి చూశాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది తనదో, ఏది ఎవరో బాటసారిదో, ఏది దొరదో, ఏది ఓమాదో తెలియడం లేదు. వేళ్ళు గీరుకుపోయాయి. ఓమా పోయిందని తెలిసిన రోజు కూడా అతను ఏడవలేదు. ఇప్పుడు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

“అది ఓమాది కూడా, బగ్షా. విసిరేశాను.”

లామా మోకాలు పట్టుకుని లేచాడు. చేతులు జోడించి, ఆ రాళ్ళ కుప్ప చుట్టూ నెమ్మదిగా మూడు ప్రదక్షిణలు చేశాడు. అబ్రామ్ విసిరిన రాళ్ళు పడినచోట వంగి, నుదురు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

“ఇక్కడ ఎవరూ ఏదీ పారేయరు, నాయనా,” అన్నాడు లేచి. “ఉంటుందిలే. పద, పిల్లకి పాలవేళయింది.”

ఇద్దరూ గుట్ట దిగారు. వ్రతం ఊసు ఆ రోజే కాదు, తర్వాత కూడా ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. చిన్న రాయి అబ్రామ్ గుప్పెట్లోనే ఉండిపోయింది.

గుడారంలో పొయ్యి రాజేసి పాలు కాచాడు. వాసన తగలగానే గొర్రెపిల్ల వణికే కాళ్ళ మీద లేచి, వచ్చి మోకాలిని కుమ్మింది. సీసా ఇంకా చెయ్యి కాలుస్తోంది. పిల్ల మాత్రం మెడ చాచి అరుస్తోంది.

అబ్రామ్ సీసాని దానికి అందకుండా పైకెత్తాడు.

“వఖ్,” అన్నాడు, సీసా మీద ఊదుతూ. “వఖ్, హాన్స్‌లామ్, వఖ్.”