విమానం కింద పళ్లెం

అది మాఘ శుద్ధ దశమి, గురువారం, సాయంత్రం నాలుగుంపావు. తెల్లవారితే నరసింహస్వామి కొండ మీద కుంభాభిషేకం. మా ఇంటి వసారా నిండా పూలబుట్టలు. బంతి, చామంతి, గులాబీ రేకులు. కాలు పెట్టడానికి చోటు లేదు. ఆ బుట్టల మధ్య నిలబడి మా వారూ, మా మరిది నరహరీ పోట్లాడుకుంటున్నారు.

పోట్లాట విమానం గురించి.

మా మామగారు నాగావళి ఒడ్డున పంచదార మిల్లు కట్టిన రోజుల్లో దాని వెనక ఒక రన్‌వే కూడా వేయించారు. ఆయన ఉన్నన్నాళ్లూ దాని మీద చెరకు పిప్పి ఆరబోసుకున్నారే గాని ఏదీ దిగలేదు. నరహరి విమానం నడపడం నేర్చుకుని, నలుగురు కూర్చునే చిన్న విమానం ఒకటి, పాతదే, కొని తెచ్చాక ఆ రన్‌వేకి యోగం పట్టింది. ఆ రోజు మా అత్తగారు దాని ముక్కుకి కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టించి, ఒక మొక్కు మొక్కుకున్నారు. గోపురం పూర్తయి కుంభాభిషేకం జరిగిన నాడు తానే ఆ విమానంలో కూర్చుని స్వామికి ఆకాశం నుంచి పూలవాన కురిపిస్తానని.

ఆ నాడు ఇంకొక్క రాత్రి అవతల ఉంది. అనుమతులన్నీ వచ్చాయి. మిల్లు వారి విమానం పూలు చల్లుతుందని వారం నుంచి ఊళ్లో మైకులో చెబుతూనే ఉన్నారు.

మా వారి చేతిలో విమానాలు బాగుచేసే కంపెనీ ఒకటి పంపిన కాగితాలున్నాయి. "ఎగిరిన గంటకింతని ముందే కట్టేస్తే చాలురా. ఆ తరవాత ఇంజనుకి ఏమొచ్చినా వాళ్లదే పూచీ" అంటున్నారు.

"రాని రోగానికి ముందే మందుల డబ్బు కట్టడం ఏమిటన్నయ్యా? నా ఇంజను నాకు తెలియదా? ఆ సొమ్మేదో మనమే పక్కన పెట్టుకుంటే మన దగ్గరే ఉంటుంది."

"పక్కన పెట్టావుగా పోయినేడు. ఏదీ?"

"గుడి మంటపానికి రాయి పరిపించాం కదా. దేవుడికేగా పెట్టాం!"

"అదే నేను చెప్పేది. నీ దగ్గరుంటే దేవుడి పేరు మీదో దెయ్యం పేరు మీదో ఖర్చవుతుంది. సంతకం పెట్టి పడేస్తే ఇక దాని మొహం చూడక్కర్లేదు. కాలు మీద కాలేసుకుని పడుకోవచ్చు."

"పడుకునేవాడికి విమానం ఎందుకూ, మంచం చాలదూ?"

లోపలి నుంచి అత్తగారు కేక వేశారు. "ఒరేయ్, పూలు తొక్కకండిరా! తొక్కాలనుంటే ఒకర్నొకరు తొక్కుకోండి."

సరిగ్గా అప్పుడు గుమ్మంలోకి కొండకింద స్వామి వచ్చారు.

కొండ మెట్ల మొదట్లో పాక వేసుకుని ఉంటారు గనక ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. నరహరికి చిన్నప్పుడు మంత్రోపదేశం చేసింది ఆయనే. ఇప్పటికీ ఏ చిక్కొచ్చినా వీడు ఆ పాకకే పరుగెడతాడు. ఏదడిగినా సూటిగా చెప్పరని తిరిగొచ్చి నా దగ్గర సణుగుతాడు. మర్నాడు మళ్లీ వెళతాడు.

స్వామి పూలు చూడటానికి వచ్చారు. బుట్టలోంచి ఒక చామంతి తీసి కళ్లకద్దుకున్నారు. నరహరి ఊరుకుంటాడా?

"స్వామీ, మీరే తీర్పు చెప్పండి. ముందే డబ్బు కట్టి బరువు వాళ్ల మీద పెట్టడమా, మన బరువు మనమే మోసుకోవడమా? మన బరువు మనమే మోయాలని మీరేగా నాకు నేర్పారు!"

గెలిచినట్టే నిలబడ్డాడు. మా వారు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని మూతి ముడిచారు.

"నాకేం తెలుసు నాయనా, నేనెప్పుడూ విమానం ఎక్కలేదు" అన్నారు స్వామి. చామంతిని మళ్లీ బుట్టలో పెడుతూ, "ఇప్పుడు ఎక్కిస్తావా?" అన్నారు.

నరహరి మొహం వెలిగిపోయింది. ఆ వెంటనే ఎందుకో ఆ వెలుగు కాస్త తగ్గింది.

"ఇప్పుడా స్వామీ?"

"ఇంకా పొద్దుందిగా."

అందరం జీపెక్కాం. రేపు తాను ఎక్కేటప్పుడు ఎక్కడ కాలు పెట్టాలో, ఏది పట్టుకోవాలో చూసి రమ్మని అత్తగారు నన్ను కూడా పంపారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఆ నొప్పులతోనే వారం నుంచి అరుగు ఎక్కడం, దిగడం సాధన చేస్తున్నారు.

రేకుల షెడ్డులో విమానం తెల్లగా, బొట్టుతో, పెళ్లికూతురిలా ఉంది. స్వామి చెప్పులు రెక్క కింద విడిచి, నరహరి చెయ్యి పట్టుకుని రెక్క మీదికి ఎక్కి, లోపలికి వంగి, ముందు సీట్లో కూర్చున్నారు. ఉత్తరీయం మడిచి ఒళ్లో పెట్టుకున్నారు.

"పద నాయనా."

ఎగిరే ముందు విమానం చుట్టూ ఒకసారి తిరిగి చూడటం నరహరికి అలవాటే. మామూలుగా మాట్లాడుతూనే, కబుర్లు చెబుతూనే తిరిగేస్తాడు. ఆ రోజు మాట్లాడలేదు. చక్రాలు నొక్కి చూశాడు. ముందుండే రెక్కల పంకాని అరచేత్తో అంచు నుంచి అంచు దాకా తడిమాడు. చుట్టూ తిరిగాడు. మళ్లీ తిరిగాడు. చివరికి ముక్కు కింద గొంతుక్కూర్చున్నాడు.

అత్తగారి కోసం మెట్టు ఎంతెత్తుందో చూద్దామని నేనూ వంగాను. అప్పుడు కనబడింది, నా పళ్లెం. వడియాలు పెట్టుకునే పెద్ద స్టీలు పళ్లెం. కార్తీకమాసం నుంచి ఇల్లంతా వెతుకుతున్నాను దాని కోసం.

"నరహరీ, ఇది నా పళ్లెం కాదూ?"

"మెల్లగా వదినా."

"ఇందులో నల్లగా ఏమిటది?"

"చమురు. ఒక్కో చుక్క పడుతుంది. పాత ఇంజనన్నాక ఆమాత్రం చెమట పట్టదూ? నేల పాడవుతుందని పెట్టాను."

"నిండితే?"

"పారబోస్తాను."

"పారబోసి?"

"మళ్లీ పెడతాను" అన్నాడు. అని నా మొహం వైపు చూడలేదు.

పైనుంచి స్వామి గొంతు వినిపించింది. "ఆలస్యమవుతుందా నాయనా?"

"ఒక్క నిమిషం స్వామీ."

నరహరి ఇంజను మూత తీశాడు. చెయ్యి లోపలికి పెట్టి వెతికాడు. నల్లబడిన వేళ్లు బయటికి తీసి చూసుకున్నాడు. తుడుచుకోలేదు. అలాగే వాటిని పట్టుకుని రెక్క దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇవాళ వద్దు స్వామీ."

"ఏం?"

"చమురు ఎక్కణ్ణుంచి కారుతోందో అంతు చిక్కడం లేదు. హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చి విప్పి చూడాలి. పిలిస్తే విప్పేస్తాడు, విప్పితే కుంభాభిషేకానికి అందదు. ఈ ఒక్కటీ గడిచాక పిలుద్దామని ఊరుకున్నాను." గొంతు తగ్గించాడు. "నేనొక్కణ్ణే అయితే ఎగిరేసేవాణ్ణి. మీరు కూర్చున్నాక చెయ్యాడటం లేదు."

ఎక్కణ్ణుంచి విన్నారో ఏమో గాని, మా వారికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. "చూశారా స్వామీ! నేను మొత్తుకుంటూనే ఉన్నాను. ఆ కంపెనీకి కట్టేయరా అని..."

స్వామి ఆయన వైపు తిరిగారు. "అయితే నువ్వు ఎక్కు జగన్నాథం. నీ జేబులో కాగితం ఉందిగా. సంతకం పెట్టేసి ఎక్కు. వెనక చోటుంది."

మా వారు జేబు పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశారు.

"సంతకం పెడితే చమురు కారడం ఆగుతుందా స్వామీ!"

అనేశారు. అన్నాక తన మాట తనకే వినబడినట్టుంది.

మిల్లు వైపు నుంచి పాకం వాసన వస్తోంది. స్వామి కూర్చున్న చోటు నుంచే వెనక్కి తిరిగి ఖాళీ సీటు చూశారు. దాని మీద అత్తగారి కోసం నేను కుట్టి పంపిన పూల దిండు ఉంది.

"రేపు అమ్మ కూర్చునేది ఇక్కడేనా?" అన్నారు, తెలియక అడిగినట్టు.

నరహరి చాలాసేపు ఆ దిండు వైపే చూశాడు. తరవాత జేబులోంచి విమానం తాళంచెవి తీసి, నల్లటి వేళ్లతోనే, నా చేతిలో పెట్టాడు.

"రేపు నేను ఎంత అడిగినా ఇవ్వకు వదినా."

స్వామి నెమ్మదిగా దిగారు. చెప్పులు వేసుకున్నారు. జీపు దగ్గరికి వచ్చాక నాతో అన్నారు:

"పూల మీద నీళ్లు చల్లించు తల్లీ. రేపటికి వాడిపోకూడదు."

ఆ సాయంత్రం నరహరి వాళ్ల అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. పళ్లెం సంగతి కూడా దాచలేదు. ఎనభై ఏళ్ల మనిషి, ఎన్నేళ్లుగానో కాచుకున్న మొక్కు. ఏమంటారోనని నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆవిడ తులసిమాల తిప్పడం ఆపారు.

"గుడి వెనక పెద్ద బండ ఉంది కదరా. దాని మీద నిలబడితే గోపురం ఎక్కడుంటుంది?"

"కిందే ఉంటుందమ్మా."

"మరింకేం? నేను ఎంతెత్తు నుంచి వేశానో స్వామి కొలబద్ద పెట్టి చూస్తాడా? పొద్దున్న డోలీ తెప్పించు. నీ విమానం మాట మాత్రం జనానికి నువ్వే చెప్పుకో. నేను సర్దిచెప్పను."

మర్నాడు ఏకాదశి. తెల్లవారకముందే నరహరి తలారా స్నానం చేసి, దేవుడి దీపం దగ్గర కూర్చుని, కంపెనీ కాగితాల మీద సంతకం పెట్టాడు. మా వారు ఆవలిస్తూ వచ్చి చూసి, నమ్మలేక కళ్లు నులుముకున్నారు.

"అదేమిట్రా? నీ పంతం ఏమైంది?"

"పక్కన పెట్టడం నా వల్ల కాదని పోయినేడే తేలింది. ఒప్పుకోవడానికి ఇన్నాళ్లు పట్టింది."

"కానీ ఇప్పుడు కారే చమురు వాళ్లు పట్టించుకోరు. బాగుచేయించి అప్పజెప్పాకే వాళ్ల పూచీ."

"తెలుసు. ఇది నాది."

"సరే, ఇక హాయిగా పడుకో."

"నువ్వు పడుకో. నేనొకసారి వెళ్లి చూసొస్తాను" అని, కాగితాలు ఆయన చేతిలో పెట్టి షెడ్డు వైపు వెళ్లిపోయాడు. తాళంచెవి అడగలేదు. ఇంజను మూత తీసి ఉంచి, ఇంజనీరుకి ఫోను చేసి, తిరిగొచ్చేటప్పుడు నా పళ్లెం ఇసుకతో తోమి తెచ్చాడు. దేనికీ పనికిరాదని నాకు తెలుసు. అయినా పుచ్చుకుని గూట్లో పెట్టాను.

కొండ కింద జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. నరహరి మైకు అందుకున్నాడు. "విమానం రాదు. ఇంజను బాగుచేయించాల్సిన వాణ్ణి, చేయించలేదు. తప్పు నాది."

"మిల్లు వారి విమానానికి జలుబు చేసిందర్రోయ్!" అని ఎవరో అరిచారు. జనం గొల్లుమన్నారు. నరహరి కూడా నవ్వేశాడు. నవ్వి మైకు ఇచ్చేసి వచ్చి, డోలీ ముందు కొమ్ము భుజానికెత్తుకున్నాడు. బోయీలు వారిస్తున్నా వినలేదు. వెనక కొమ్ముకి మా వారు వెళ్లారు. కాలు మీద కాలేసుకునే మనిషి!

"అన్నయ్యా, ఈ మెట్టు పగిలుంది. చూసుకో."

"చూశాలే. నువ్వు నీ ముందు చూడు."

మెట్టు మెట్టుకీ ఆగి, కిందికి చూసి, అప్పుడు అడుగు వేశారు. కాళ్లీడ్చుకునే ముసలాళ్లు కూడా మమ్మల్ని దాటి వెళ్లిపోయారు. డోలీలో అత్తగారు ఒళ్లో పూలబుట్ట పెట్టుకుని మహారాణిలా కూర్చున్నారు.

"విమానం కంటే ఇదే నయంరా" అన్నారు. "దించమన్న చోట దించుతారు."

బండ మీదికి చేరేసరికి కింద గోపురం కలశాల మీద అభిషేకజలం పోస్తున్నారు. కొండకింద స్వామి అక్కడ పరంజా మీద నిలబడి, తలెత్తి మా వైపు చూశారు. అత్తగారు రెండు చేతులా పూలు తీసుకుని, "నరసింహా!" అని పిలిచి, గాలిలోకి విసిరారు. గాలి వాటిని తిన్నగా గోపురం మీదికి తీసుకుపోయింది.

బుట్ట ఖాళీ అయింది. ఆవిడ వెనక్కి చూడకుండా చెయ్యి చాపి, "ఇంకోటి" అన్నారు. ఇంటిల్లిపాదీ వరసగా నిలబడి, బుట్ట తరవాత బుట్ట అందించాం.