దొరువులో ఉప్పు

మా జ్ఞానానందం అయ్యగారిని ఏదైనా అడగదలుచుకున్నవాళ్ళు ముందు చేతిలో పనేమీ లేకుండా చూసుకుని వెళ్ళాలి. ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆదివారం వాక్యం చెప్పడానికి నిలబడితే గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మనిషి, ఎవరైనా దగ్గరికొచ్చి దీనికేంటి దారి అని అడిగితే మాత్రం నోరు కట్టేసుకుంటారు. దేవుడు నా మొర వింటున్నాడా అని ఒకాయన అడిగితే, చెవుడొచ్చిన తన మేనత్త దగ్గర ఓ పూట కూర్చుని కబుర్లు చెప్పి రమ్మన్నారు. ఆయన కూర్చోలేదు, సంఘమే మార్చేసుకున్నాడు. నేను ఆ సంఘానికి పెద్దని. ఇలాంటివన్నీ సర్దుకొచ్చే పని నా నెత్తిన పడేది. ఒక్కోసారి ఒళ్ళు మండేది కూడా.

మాది సముద్రపు గాలి తగిలే ఇసుక నేల. ఇక్కడ బావులు తవ్వరు, దొరువులు తీస్తారు. ఇసుకలో నిలువెత్తు లోతున వాలుగా గొయ్యి తీస్తే నీళ్ళు ఊరతాయి, కడవతో దిగి ముంచుకోవడమే. సముద్రాన్ని అంత దగ్గర పెట్టుకుని ఈ నీళ్ళు తియ్యగా ఉంటాయంటే పై ఊళ్ళవాళ్ళు నమ్మరు. ఇస్సాకు ఇలాంటి దొరువు మీదే కనకాంబరాల తోట పెంచేవాడు. వయసులో ఉన్నవాడు, నెమ్మదస్తుడు, గొంతు మంచిది. అతను పాట ఎత్తుకుంటే ఆడవాళ్ళ వైపు చాపల మీద కూర్చున్న ముసలమ్మలు కొంగుతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అయ్యగారు తన తర్వాత వాక్యం చెప్పడానికి అతన్నే తయారు చేస్తున్నారని ఊరందరికీ తెలుసు.

అలాంటివాడు బల్ల ఆదివారాల్లో మధ్యలో లేచి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. నెలకోసారి మాకు ప్రభువు బల్ల ఉంటుంది. ఆ రోజు అందరం తెల్లబట్టలు కట్టుకుని వస్తాం. రొట్టె మీద కప్పిన గుడ్డ తీసేముందు, ఎవరిని వాళ్ళు పరీక్షించుకోమని చెప్పి అయ్యగారు కాసేపు మాట్లాడకుండా ఊరుకుంటారు. సరిగ్గా అప్పుడు ఇస్సాకు లేచి, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయేవాడు. అతని భార్య సలోమి ఆడవాళ్ళ వైపు తల వంచుకుని కూర్చునేది. ద్రాక్షరసం గిన్నె అందించేది నేనే కాబట్టి, ఆ పిల్ల తలెత్తకుండానే అందుకోవడం చూశాను. బల్లకు దూరమైన మనిషిని మా వాళ్ళు సాక్ష్యం పోగొట్టుకున్నాడంటారు. ఆ మాట పడ్డాక మళ్ళీ తలెత్తుకోవడం మా పల్లెలో చాలా కష్టం.

అసలు సంగతి ఏంటంటే, ఇస్సాకు పూలు వేసుకుని పట్నం మార్కెట్టుకి వెళ్ళేవాడు. అక్కడ ఒకావిడతో మాటలు కలిశాయి, హద్దు దాటాయి. అతనే భయపడి తెంచుకుని వచ్చేశాడు. అయ్యగారి ముందు ఏడ్చి ఒప్పుకున్నాడు, సలోమికీ దాచకుండా చెప్పాడు. ఆమె పుట్టింటికి పోతానంది, బట్టలు సర్దుకుంది, మళ్ళీ ఎందుకో పోలేదు. అప్పట్నుంచి పూలు తమ్ముడి చేత పంపిస్తున్నాడు. అక్కడికి అయిపోవాలి కదా, అవలేదు. మనిషి వచ్చేశాడు గాని మనసు అక్కడే తచ్చాడుతోంది. ఇదంతా తర్వాత సాక్ష్య కూడికలో అతనే లేచి చెప్పుకున్నాడు. నేను గోడలకి చెవులు ఆనించే రకం కాదు.

అదే సమయానికి మా ఉజ్జీవ కూడికలకి పట్నం నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. ఆయన నోట ఒకటే మాట. హృదయాన్ని తవ్వండి, లోతుగా తవ్వండి, పాపపు వేరు కనపడేదాకా తవ్వండి అని మైకు పగిలిపోయేలా చెప్పాడు. మేమందరం ఆమేన్ అని, ఇళ్ళకెళ్ళి చేపల పులుసు తిని పడుకున్నాం. ఇస్సాకు ఒక్కడే ఆ మాట నిజంగా పట్టుకున్నాడు. రోజూ తెల్లారగట్ల సరుగుడు తోటలో మోకరించి, ఆవిడ అన్న ప్రతి మాటా, నవ్విన ప్రతి నవ్వూ తవ్వి తీసి దేవుడి ముందు పెట్టి, క్షమించమని ఏడ్చేవాడు. మర్నాటికి ఇంకా ఎక్కువ ఊరేది. అంతకుముందు గుర్తులేని గాజుల చప్పుడు కూడా గుర్తొచ్చేదట. ఉపవాసాలు పట్టాడు. మనిషి సగానికి సగం చిక్కిపోయాడు. పాట పాడమంటే గొంతు బాగోలేదని తప్పించుకునేవాడు.

రోహిణి కార్తె ఎండల్లో ఒక బల్ల ఆదివారం అతను లేచాడు గాని ఇంటికి పోలేదు. గుడి గోడ నీడన కూలబడి, లోపల మేం పాడుతున్న పాట వింటూ కూర్చున్నాడు. అందరూ వెళ్ళిపోయాక లోపలికి వచ్చాడు. నేను ఓ పక్కన గిన్నెలు తుడుస్తున్నాను.

"అయ్యగారండీ, ఆకలేస్తందండీ" అన్నాడు. అది అన్నం ఆకలి కాదని ఆయనకీ తెలిసింది, నాకూ తెలిసింది. "ఆ బల్ల కాడికి రావాలని ప్రాణం కొట్టుకుంటంది. పవిత్రంగా బతకాలనే కదండీ ఇంత యాతన. తవ్వేకొద్దీ వస్తానే ఉంది. ఇది నన్నెప్పుడు వదులుద్ది?"

అయ్యగారు అతని మొహంలోకి చూశారు. ఆయనకీ కళ్ళు చెమ్మగిల్లాయి. ఏదైనా మంచి మాట చెబుతారేమోనని నేను చేతిలో గుడ్డ ఆపి విన్నాను. పొద్దున్నే రా, వచ్చేటప్పుడు పార తెచ్చుకో అన్నారు, అంతే.

గుడి వెనక ఒక దొరువుంది. ఎండాకాలం పల్లెలో సగం ఇళ్ళు ఆ నీళ్ళే తాగుతాయి. అప్పటికది బాగా తగ్గిపోయి, నీళ్ళు నాలుక చివర కాస్త ఉప్పగా తగులుతున్నాయి. ఏటా ఉండేదే అది. వానలు పడేదాకా ఒక కడవ ముంచాక ఇంకో కడవకి ఆగి, ఊరనిచ్చి, పొదుపుగా వాడుకుంటాం. మర్నాడు ఇస్సాకు పార భుజాన వేసుకుని వచ్చేసరికి అయ్యగారు పంచె ఎగ్గట్టి ఆ దొరువులో నిలబడి ఉన్నారు. ఈ నీళ్ళలో ఉప్పు చేరింది, అడుక్కంటా తవ్వి ఆ ఉప్పంతా తోడి పారబోద్దాం అన్నారు. ఇస్సాకు వేళాకోళమనుకుని నవ్వాడు. ఆయన నవ్వలేదు. పార అందుకుని తవ్వడం మొదలుపెట్టారు.

డెబ్భై దాటిన మనిషి, పైగా ఉబ్బసం. ఇస్సాకు గట్టు మీద నుంచి వద్దండీ, వద్దండీ అని బతిమాలుతూనే ఉన్నాడు. ఆయన వినిపించుకోలేదు. తవ్వినచోట ఊరిన నీళ్ళు బకెట్టుతో తోడి గట్టవతల పారబోశారు, మళ్ళీ తవ్వారు, మళ్ళీ తోడారు. నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు కడవలు చంకన పెట్టుకుని గట్టు మీద గుమిగూడారు. మా ఆవిడ రూతమ్మ దిగి, దోసిట్లో పట్టి నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేసింది. అయ్యగారికి మతి పోయిందనీ, పెద్దమనిషిని అయ్యుండి నేను గుడ్లప్పగించి చూస్తున్నాననీ నన్ను దులిపేసింది. నాకూ కోపం నషాళానికి అంటింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. అందరూ తాగే నీళ్ళు అవి.

చివరికి ఇస్సాకు దొరువులోకి దూకి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. మాలో అయ్యగారి చెయ్యి అలా పట్టుకుని ఆపేవాళ్ళు ఎవరూ ఉండరు.

"తవ్వితే ఉప్పు పోదండీ, పైకొస్తది. కిందంతా సముద్రమే. పైన మంచినీళ్ళు నిండుగా ఉన్నంతసేపే అది కింద అణిగి ఉంటది. దాన్ని తోడెయ్యడం ఎవరి వల్లా కాదు. ఇంక వదిలెయ్యండయ్యగారూ."

అయ్యగారు పార వదిలేశారు. కాసేపు ఆయాసం తీర్చుకున్నారు. తర్వాత మెల్లగా, గట్టు మీద వాళ్ళకి వినపడీ వినపడకుండా అడిగారు.

"ఇంత తెలిసినవాడివి, సరుగుడు తోటలో రోజూ ఎందుకు తవ్వుతున్నావు నాయనా?"

ఇస్సాకు ఆయన చెయ్యి వదల్లేదు. అలాగే పట్టుకుని, ఆ ఉప్పునీళ్ళలో నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆడవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. సలోమికి అర్థమైంది. కడవ ఇసుకలో పెట్టేసి, అటు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నా బాధ నాది. ఒక మనిషికి బోధ చెయ్యడానికి పల్లె నోట్లో ఉప్పు కొట్టాలా అని అయ్యగారిని అక్కడే నిలదీశాను. ఆయన వాదించలేదు. తప్పేనయ్యా అని తల వంచుకున్నారు. ఆయన తరఫున ఇస్సాకు మాట్లాడాడు. తన తోట దొరువు సముద్రానికి ఇంకాస్త ఎడంగా ఉందనీ, దాంట్లో నీళ్ళు ఇంకా బాగున్నాయనీ, పూలు ఎండిపోయినా సరే ఆ నీళ్ళు పల్లెకి తనే మోస్తాననీ అన్నాడు. ఆ పూలే వాళ్ళ కూడూ గుడ్డా. నేను సలోమి వైపు చూశాను. ఆమె ఇసుకలో పెట్టిన కడవ తీసుకుని ఇంటి దారి పట్టింది. అయ్యగారు అప్పుడు ఇంకొక్క మాట చేర్చారు. ఒప్పుకున్నది ప్రభువు ఒకసారి విన్నాడు, విన్నదాన్నే పదేపదే ఆయనకి వినిపించొద్దు, ప్రార్థన చెయ్యాలనిపిస్తే కావడి మోస్తూ పాడుకో అని చెప్పారు.

ఆ ఏడు వానలు పడేదాకా ఇస్సాకు కావడి మోశాడు. ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే తోటకీ పల్లెకీ మధ్య తిరిగాడు. మొదట్లో మాటా పలుకూ లేకుండా మోసేవాడు. తర్వాత కూనిరాగం తీశాడు. తర్వాత పాట పైకొచ్చింది, ఎప్పటి గొంతుతోనే. నీళ్ళు వస్తున్నాయని మా ముసలాళ్ళకి ఆ పాటతోనే తెలిసేది. ఒకరోజు చూస్తే వెనక సలోమి కూడా ఉంది, నెత్తిన కడవతో. ఇద్దరూ మాట్లాడుకునేవాళ్ళు కాదు. అతను ముందు, ఆమె కొంచెం ఎడంగా వెనక. ఒకసారి అతను చరణం తప్పితే ఆమె అందించింది. ఆ రోజు నుంచి ఇద్దరి గొంతులూ వినపడేవి. మా రూతమ్మ వాకిట్లో చాట పట్టుకుని నిలబడి, లోపల పొయ్యి మీద అన్నం మాడుతున్నా పట్టించుకోకుండా విన్నది.

మరి ఆ పట్నం మనిషి గుర్తొచ్చేది కాదా అంటే, వచ్చేదట. దాదాపు రోజూ వచ్చేదట. వచ్చినప్పుడు పాట ఆపేవాడు కాదట, అంతే.

తోట ఎండింది. కనకాంబరం కొమ్మలు చేత్తో ముట్టుకుంటే విరిగిపోయేవి. అందరం పొద్దున లేవగానే ఆకాశం వంకే చూసేవాళ్ళం. బల్ల ఆదివారాలు వస్తూనే ఉన్నాయి. ఇస్సాకు ఇప్పుడు లేచి వెళ్ళిపోవడం లేదు, అలాగని లోపలా ఉండడం లేదు. గుడ్డ తీసే వేళకి గుమ్మం దగ్గరికి జరిగి, తెల్లచొక్కాతో అక్కడే నిలబడి, గిన్నె ఒక్కొక్కరి చేతికీ వెళ్ళడం చూసేవాడు. ఆ చూపు చూస్తే గిన్నె తీసుకెళ్ళి ఇచ్చేద్దామా అనిపించేది. అయ్యగారు పిలవలేదు, నేనెలా ఇస్తాను?

వానలు ఆలస్యంగా వచ్చినా గట్టిగా వచ్చాయి. ముసురు పట్టి విడవకుండా కురిసింది. ముసురు విడిచిన ఆదివారం బల్ల ఉంది. గుడి వెనక దొరువు గట్టుదాకా నిండింది. ఆడవాళ్ళు ముంచి రుచి చూసి, మొహాలు వెలిగిపోతూ గుళ్ళోకి వచ్చారు. అయ్యగారు గుడ్డ అంచు పట్టుకుని ఆగారు. ఇస్సాకు మామూలుగా గుమ్మం దగ్గరికి జరిగాడు. ఆయన ఆ రోజు అతన్ని అక్కడ నిలబడనివ్వలేదు. అందరిముందూ పేరు పెట్టి రమ్మని పిలిచారు.

"అది ఇంకా పోలేదండీ" అన్నాడు ఇస్సాకు, తల దించుకుని.

"దొరువులో నీళ్ళు తాగావా పొద్దున్న?"

"తాగానండీ. తియ్యగా ఉన్నాయి."

"మరి సముద్రం ఎటన్నా పోయిందా?"

ఇస్సాకు గుమ్మం వదిలి లోపలికి నడిచాడు. మగవాళ్ళ వరసలో చివర కూర్చున్నాడు. గిన్నె అతని దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు అతను రెండు చేతులా అందుకుని తాగాడు. చాలా రోజులు దాహంతో ఉన్న మనిషి తాగినట్టే తాగాడు. ఆడవాళ్ళ వైపు నుంచి సలోమి, ఈసారి తల వంచుకోకుండా, అతన్నే చూస్తోంది.

అంతా బాగానే ఉంది గాని, నాకు నోరు ఊరుకోదు. గిన్నెలు సర్దేటప్పుడు అయ్యగారి దగ్గరికి వెళ్ళి అడిగేశాను. ఇప్పుడంటే దొరువు నిండింది కాబట్టి సరిపోయింది, మళ్ళీ ఎండలొస్తాయి, మళ్ళీ నీళ్ళు తగ్గుతాయి, అప్పుడు ఈ కుర్రాడి గతేంటని అన్నాను.

అయ్యగారు గుడ్డని జాగ్రత్తగా మడత పెట్టి నా చేతికిచ్చారు.

"అందుకే కదా ప్రభుదాసూ, వచ్చే నెల కూడా బల్ల ఉంది."