ఖాళీ సంచి మంత్రి

కొండలకు ఇవతల, ఏటికి అవతల, ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయన బిరుదులు చదవడం మొదలుపెడితే సభలో సగంమందికి కునుకు పట్టేది. అయినా ఒక్క బిరుదు తగ్గించడానికి రాజు ఒప్పుకునేవాడు కాదు.

ఆ రాజ్యంలో ఒక కట్టడి ఉండేది. ప్రతి మంత్రికీ ఒక తోలు సంచి ఇచ్చేవారు. అతని శాఖకు సంబంధించిన పత్రాలూ ముద్రలూ అందులో ఉండేవి. ఇప్పటివాళ్ళు పోర్ట్‌ఫోలియో అంటున్నారే, మంత్రిగారి శాఖకూ అదే మాట, కాగితాలు మోసే సంచికీ అదే మాట, చిత్రకారుడు తన బొమ్మలు పెట్టుకు తిరిగే అట్టలకూ అదే మాట. అక్కడివాళ్ళు ఇంత గొడవ లేకుండా సంచి అని ఊరుకున్నారు. ఎవరి సంచిలోని సంగతి వాళ్ళే మాట్లాడాలి. పక్కవాడి సంచిలోది ఎత్తితే కొలువు పోయినట్టే. రాణిగారు చనిపోయిన ఏడాది రాజు ఈ కట్టడి పెట్టాడు. ఓదార్చడానికి వచ్చేవాళ్ళ నోళ్ళు మూయించడానికే పెట్టాడని అంతఃపురంలో చెప్పుకునేవారు.

మంత్రుల్లో మాచన అని ఒకడుండేవాడు. మనిషి మంచివాడే గానీ నోరు ఊరుకునేది కాదు. ఒకనాడు బిరుదుల పఠనం నడుస్తుండగా లేచి, "ప్రభూ, ఇంత బరువు మోస్తున్నారు, మధ్యలో ఎక్కడైనా దించుకుని సేదతీరడం ఉందా?" అని అడిగాడు.

సభ గొల్లున నవ్వింది. రాజు ముఖం మాడిపోయింది. మాచన సంచి తెప్పించి, అందులో ఉన్నదంతా దులిపించి, ఖాళీ సంచి తిరిగి చేతికిచ్చాడు. నువ్వు మంత్రివే, ఆసనమూ ఉంటుంది, శాఖ మాత్రం లేదు పొమ్మన్నాడు.

సంచిలో ఏమీ లేనివాడు సభలో ఏం మాట్లాడగలడు? మాచన నోటికి తాళం పడింది. పని జరిపించలేని మంత్రి ఇంటికి ఎవరొస్తారు? అరుగు మీద తెల్లవారకముందే చేరే జనం మాయమయ్యారు. దారిలో ఎదురైనవాళ్ళు ఏదో గుర్తొచ్చినట్టు సందులోకి తిరిగేవారు. భార్య ఏనాడో పోయింది, పిల్లలు లేరు. సాయంత్రాలు అరుగు మీద పులిజూదం గీసుకుని, పులుల గులకరాళ్ళూ మేకల చింతగింజలూ తానే జరుపుకునేవాడు. రెండు పక్కలా తానే ఆడితే గెలిచిన సంతోషమూ ఉండదు, ఓడిన ఉక్రోషమూ ఉండదు. లోపల ఉన్న మాటలన్నీ లోపలే పులిసిపోతున్నాయని అతనికి ఏడుపు వచ్చేది.

ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాక, సభ ముగిశాక కూడా మాచన తన ఆసనంలోనే కూర్చునేవాడు. ఒకనాడు అలా కూర్చుని తోట మండపం వైపు చూశాడు. రాజు ఒక్కడే నేల మీద కూర్చుని ఉన్నాడు. కిరీటం పక్కన పెట్టి, రాతిపలక మీద ఒకసారి పులిని, ఒకసారి మేకను జరుపుతున్నాడు. ఎదుట ఖాళీగా ఒక పీట వేసి ఉంది. అది రాణిగారి పీట. మాచన గబుక్కున కళ్ళు తిప్పుకున్నాడు.

ఇంతలో దసరా దగ్గరపడింది. ఆయుధపూజ నాడు మంత్రులు తమ సంచులు తెరిచి రాజు ముందు పెట్టి పూజ చేయించుకోవడం ఆనవాయితీ. రాజు మాచనను పిలిచి, ఖాళీ సంచికి పూజ జరగదన్నాడు. ఆనాటికి అందులో ఏదైనా ఉండాలి, అదీ మరొకరి సంచిలోది కాకూడదు, లేదా రాజ్యం విడిచి పోవాలి. ఈ వయసులో పరాయి ఊళ్ళో తనను పేరుపెట్టి పిలిచే దిక్కయినా ఉంటుందా అని మాచన బెంగపెట్టుకున్నాడు.

పూజ నాడు అందరి సంచులూ తెరిచారు. చివరికి మాచన వంతు వచ్చింది. అతను సంచి విప్పకుండా, మాట్లాడే ముందు నాది ఏదో నాకు తెలియాలి, ఇతర మంత్రులను రెండు ప్రశ్నలు అడగనివ్వండని వేడుకున్నాడు. రాజు సరేనన్నాడు.

ఏలినవారు పొద్దున అన్నం తిన్నారో లేదో కనుక్కోవడం ఎవరి సంచిలోదని మాచన అడిగాడు. ధాన్యం మంత్రి తన పని గాదెల వరకేనన్నాడు. వైద్యం మంత్రి జ్వరం వస్తే తనది, ఆకలి తనది కాదన్నాడు. సాయంత్రం ఏలినవారి ఎదుట కూర్చోవడం ఎవరిదని అడిగితే, మాది కాదంటే మాది కాదని అందరూ సంచులు దగ్గరకు లాక్కున్నారు.

"అయితే ఎవరి సంచిలోనూ లేనిది నాదే ప్రభూ" అని మాచన సంచి బోర్లించాడు. గుప్పెడు చింతగింజలు గలగలా రాలాయి.

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. "నాకు తోడు లేదని సభలో చాటుతున్నావా?"

"లేదు ప్రభూ. నాకు లేదని చెప్పుకుంటున్నాను. ఒక్కణ్ణే ఆడలేక చస్తున్నాను."

రాజు వంగి ఒక గింజ తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. తర్వాత, శాఖ అన్నాక పని చూపించాలి, నీ శాఖ పనేమిటని అడిగాడు.

"తమరిని ఓడించడం ప్రభూ. ఇంతమంది మంత్రుల్లో ఒక్కరికీ ఆ పని అప్పగించలేదు."

రాజు ఉత్తరీయం ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తాడేమోనని సభ భయపడింది. ఆయన నవ్వాడు. రాణిగారు పోయాక ఎవరూ వినని నవ్వు అది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వి, తన చేతి కంకణం తీసి మాచనకు తొడిగాడు. సంచికి పసుపూ కుంకుమా పెట్టించాడు.

ఆ సాయంత్రం ఉద్దండవర్మ పులులు తీసుకున్నాడు, బిరుదులకు తగ్గట్టు ఉండాలి కదా. మేకలు చుట్టుముట్టి పులులను కదలనివ్వలేదు. మాచన లేవబోతే రాజు చేయి పట్టుకుని, "కూర్చోవయ్యా, ఇంకొక్క ఆట" అన్నాడు.

మాచన అరుగు మీదకు జనం మళ్ళీ రావడం మొదలుపెట్టారు. సాయంత్రాలు మాత్రం అతను ఇంట్లో దొరికేవాడు కాదు.