పక్క కుర్చీలోని నవ్వు

చీరాలలో సోమయాజులు గారి ఇంటి అరుగు మీద సాయంత్రాలు కొందరం ఉపనిషత్తులు చదువుకునేవాళ్ళం. ఎవరు ఏ సందేహం అడిగినా ఆయన శ్లోకంతో జవాబు చెప్పేవారు కాదు. తాను ఎరిగిన మనుషుల్లో ఒకరి సంగతి చెప్పి ఊరుకునేవారు.

ఒకరోజు పాఠం అయ్యాక వసుంధర గారు లేవలేదు. ఆవిడ కాలేజీలో పాఠాలు చెబుతారు. మా అందరిలోకీ శ్రద్ధ గల శిష్యురాలు. ఆవిడకు రొమ్ము క్యాన్సరని ఈమధ్యే తేలింది. వచ్చే వారం మొదటి కీమోథెరపీ.

"గురువుగారూ, మనసు ఉల్లాసంగా ఉంచుకోమని అందరూ చెబుతున్నారు. నా మనసు నిండా అసూయే ఉంది. రోడ్డు మీద ముక్కూ మొహం తెలియని మనిషి చలాకీగా నడిచిపోతుంటే, ఈవిడకెందుకు రాలేదు అనిపిస్తోంది. ఇంత కుళ్ళు కడుపులో పెట్టుకుని ఆ కుర్చీలో ఎలా కూర్చోను?"

సోమయాజులు గారు తన చెల్లెలి సంగతి చెప్పారు.

ఆమె పేరు సుభాషిణి. ఒంగోలులో జాకెట్లు కుట్టే దుకాణం నడుపుతుంది. కొన్నేళ్ళ కిందట ఆమెకూ ఈ జబ్బే వస్తే, మొదటి కీమోకి గుంటూరు ఆసుపత్రికి తోడుగా ఈయనే వెళ్ళారు. కారు ఎక్కినప్పటి నుంచీ ఆమె, "నేను ధైర్యంగానే ఉన్నాను అన్నయ్యా" అంటూనే ఉంది. కొంగు మాత్రం వేలికి చుడుతూ విప్పుతూనే ఉంది.

హాలులో కుర్చీలు వరసగా ఉన్నాయి. ఆమె పక్క కుర్చీలో కోటేశ్వరమ్మ అనే ఆవిడ అప్పటికే సెలైను పెట్టించుకుని కూర్చుంది. జుట్టంతా ఊడిపోయింది. తలకు గుడ్డ చుట్టుకుని, ఆ గుడ్డకే మల్లెపూలు గుచ్చుకుంది. నర్సుతో పరాచికాలాడుతూ హాలంతా వినబడేలా నవ్వుతోంది. నర్సు సుభాషిణి చేతికి సూది గుచ్చుతూ, "ఆవిణ్ణి చూసి నేర్చుకోండమ్మా" అంది.

ఆ మాట సూది కంటే లోతుగా దిగింది. ఎర్రటి మందు గొట్టంలోంచి చేతిలోకి జారుతోంది, సుభాషిణి దాన్ని చూడనే లేదు. ఆమె చూపంతా పక్కావిడ మీదే. అన్నగారి వైపు వంగి, "ఆవిడది చిన్న జబ్బయి ఉంటుంది. లేకపోతే అంత నవ్వెలా వస్తుంది? ఆ జాకెట్టు చూడు, భుజం జారిపోతోంది. ఎవడు కుట్టాడో!" అంది.

గొంతు తగ్గించాననే అనుకుంది. కోటేశ్వరమ్మకు వినబడింది.

"కుట్టినవాడి తప్పు కాదమ్మా. నేనే చిక్కిపోయాను" అందావిడ.

సుభాషిణి మొహం కందగడ్డలా అయింది. కోటేశ్వరమ్మ మాత్రం ఆపలేదు. "నేను మొదటిసారి వచ్చినప్పుడు పక్కనొకాయన గురకపెట్టి నిద్రపోయాడు. ఆ నిద్ర చూసి ఎంత ఏడ్చానో! ఇవాళ నువ్వు లోపలికి వచ్చిన దగ్గర్నుంచీ నీ జడ చూసి ఏడుస్తున్నాను. పైకి నవ్వుతున్నాను, అంతే."

సుభాషిణి చేయి తెలియకుండానే జడ మీదికి వెళ్ళింది. అది ఎన్నాళ్ళు ఉంటుందో ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు.

కాసేపటికి సుభాషిణి తన గొలుసుకు తగిలించుకున్న పిన్నీసు ఎడమచేత్తో ఊడదీసింది. "భుజం ఇటు తిప్పండి" అంది. ఆమె కుడిచేతికి సూది ఉంది. ఆవిడ కుడిచేతికీ సూది ఉంది. కోటేశ్వరమ్మ తన ఎడమచేత్తో జాకెట్టు మడత పట్టుకుంటే, సుభాషిణి తన ఎడమచేత్తో పిన్నీసు గుచ్చబోయింది. అది రెండుసార్లు జారి ఆవిడకు గుచ్చుకుంది. "ఇంతసేపూ నేను నవ్వినందుకు కసి తీర్చుకుంటున్నావా?" అందావిడ. "అవును" అంది సుభాషిణి, చూపు పిన్నీసు మీంచి తిప్పకుండా. నర్సు వచ్చి కేకలేసేసరికి మడత కుదిరింది. మందు సీసా ఎప్పుడు ఖాళీ అయిందో ఇద్దరూ గమనించలేదు.

తిరుగు ప్రయాణంలో సుభాషిణి కారు ఆపించి రోడ్డు పక్కన వాంతి చేసుకుంది. మళ్ళీ ఎక్కి కళ్ళు మూసుకుని, "ఆవిడ ఈపాటికి హాయిగా పప్పన్నం తింటూ ఉంటుంది" అని గొణిగింది.

సోమయాజులు గారు అక్కడితో ఆపేశారు.  "అయితే మీ చెల్లెలి అసూయ పోనేలేదా గురువుగారూ?" అని వసుంధర గారు అడిగారు.

"నేను అడగలేదమ్మా" అన్నారాయన. "రెండోసారి వెళ్ళినప్పుడు మాత్రం, కోటేశ్వరమ్మ పక్క కుర్చీయే కావాలని నర్సుతో పోట్లాడింది."