పెరట్లో పేరు తెలియని చెట్టు

అనగనగా ఒక ఇంటి పెరడు. అడవంత పెద్దదేం కాదు. కానీ అందులో ఉండే ఉడుతలకీ, చీమలకీ, పిట్టలకీ అదే అడవి.

ఆ పెరట్లో బట్టలుతికే బండ పక్కన ఒక చెట్టు మొలిచింది. ఏ పిట్ట గింజ జారవిడిచిందో ఏమో. అది పెరిగి పెద్దదై, ఒక వేసవిలో మొదటిసారి పూసింది. మీగడ రంగు పూలు, ఒక్కొక్కటి గోరంత.

అక్కడ ఒక ఆచారం ఉంది. ఏ చెట్టు తొలిసారి పూసినా పెద్ద గోరింక వచ్చి దాని పేరు చెప్పాలి. ఆ తర్వాతే తేనెటీగలు వాలతాయి, పిట్టలు గూళ్ళు కడతాయి. గోరింక ఏడూళ్ళు తిరిగింది. అందరికీ పెద్దమ్మ. మంచిదే పాపం, కానీ ఒక్క జబ్బు ఉంది. 'తెలియదు' అనాలంటే దానికి ప్రాణం మీదికొచ్చేది.

అందరూ చేరారు. చెట్టు బెరుకుగా అడిగింది.

"పెద్దమ్మా, నేనెవరిని?"

గోరింక ఆకు చూసింది. పువ్వు చూసింది. అలాంటి చెట్టు దాని కంట ఎన్నడూ పడలేదు. ఆ మాట అనేస్తే సరిపోయేది కదా పిల్లలూ! కానీ అంతమంది చూస్తున్నారే. ముక్కుతో లేత కొమ్మను గిల్లింది. తెల్లటి పాలు వచ్చాయి.

"పాలు కారుతున్నాయి. ఇది విషపు చెట్టు," అనేసింది.

పెద్దల మాట చద్దిమూట అంటారు. ఆ మూటలోనూ ఒక్కోసారి రాళ్ళుంటాయి మరి. ఎవరూ ఎదురు చెప్పలేదు. తేనెటీగలు వెనక్కి తిరిగాయి. చీమలు దారి మార్చుకున్నాయి. గూటి కోసం కొమ్మ చూసుకున్న పిచ్చుక మరో చోటు వెతుక్కుంది.

అందరికన్నా ఎక్కువగా ఆ మాట నమ్మింది చెట్టే. తనెవరో తనకే తెలియదాయె. ఒక ఉడుత పిల్ల ఎక్కబోతే చెట్టు గాభరాపడింది.

"వద్దు తల్లీ, నాలో విషముంది. నీకేమన్నా అయితే మీ అమ్మ తట్టుకోలేదు."

ఆ రోజు నుంచి మొగ్గలు విప్పకుండానే రాల్చేసుకుంది. నీళ్ళు తాగడం మానేసింది. ఆకులు పండిపోయి రాలసాగాయి. ఇంకొన్నాళ్ళు అలాగే ఉంటే ఎండిపోయేదే.

చెట్టు ఉడుత పిల్లతో అన్న మాట చాలా రోజులకు గోరింక చెవిన పడింది. మొదటి రోజు దానికి తిండి సహించలేదు. రెండో రోజు చెట్టు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది. మూడో రోజు తెల్లవారగానే అందరినీ పిలిచి, ఆ చెట్టు ఎదుట నిలబడింది.

"నాకు తెలియదు," అంది. "ఆ రోజూ తెలియదు. చెప్పడానికి సిగ్గేసి ఏదో ఒకటి అనేశాను."

ఒక చీమ ముందుకొచ్చి, పాలు సపోటాకీ కారతాయి, పనసకీ కారతాయి, అవేమన్నా విషమా అని మెల్లగా అడిగింది. అప్పుడు గోడ మీది చిన్న పికిలిపిట్ట నోరు విప్పింది.

"బడి వెనకాల ఇలాంటిదే ఉంది పెద్దమ్మా. దాని పళ్ళు తినే పెరిగాను. ఇది పొగడ చెట్టు."

"మరి ఆ రోజే చెప్పలేదేమే?"

"నువ్వు చెప్పేశాక చిన్నదాన్ని, నేనేమంటాను? తెలియదని నువ్వు అనుంటే అప్పుడే చెప్పేదాన్ని."

గోరింక తల దించుకుంది. చెట్టు మాత్రం ఆ పేరును తనలో తాను పదేపదే అనుకుంది. పొగడ. నేను పొగడ చెట్టుని. చాలా రోజుల తర్వాత దానికి దాహం వేసింది.

గోరింక కళ్ళనీళ్ళతో తప్పు మన్నించమని అడిగింది.

"ఇన్నాళ్ళూ నా మీద ఎవరూ వాలలేదు పెద్దమ్మా," అంది చెట్టు. "కాసేపు కూర్చో."

గోరింక ఆ కొమ్మ మీద వాలింది. పొద్దు వాలేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

నీతి: తెలియనిది తెలియదని చెప్పడం చిన్నతనం కాదు. పెద్దలు ఆ మాట అంటేనే, తెలిసిన చిన్నవాళ్ళు నోరు విప్పగలుగుతారు.